తప్పులు పట్టే కన్ను

అమ్మలూ,

మొన్న నువ్వు ఫోన్లో ఏకరువు పెట్టినవన్నీ విన్నాను. మీటింగులో మేనేజరు పదిమంది ముందూ మాట అనడం, పనమ్మాయి చెప్పాపెట్టకుండా మానేయడం, లిఫ్టు మళ్ళీ పాడవడం, పప్పులో ఉప్పు గురించి మీ అత్తగారు విసిరిన మాట, ఇంటికొచ్చే దారిలో ట్రాఫిక్కు, మీ అపార్టుమెంటు గ్రూపులో ఎవరో పెట్టిన యాక్సిడెంటు వీడియో. అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తానంటూ ఒక ముక్క అన్నావు: "అన్నట్టు, బుడ్డోడు నిన్న బస్సు మీద బోర్డు తనంతట తనే చదివాడు పెదనాన్నా." అంతే, ఫోను పెట్టేశావు.

జీవితమంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి కదా, ఏది ఎంత జాగా ఆక్రమించిందో చూడకుండా ఉండలేను. మేనేజరుకి రెండు పేజీలు, లిఫ్టుకి ఒక పేజీ, అత్తగారికి ఏకంగా అధ్యాయం. నీ కొడుకు మొట్టమొదటిసారి అక్షరాలు కూడబలుక్కుని ఒక ఊరి పేరు పలికిన సంగతికి మాత్రం వెనకట్ట మీద ఒక్క లైను. నువ్వు చెప్పినవేవీ అబద్ధాలు కావు. అన్నీ జరిగినవే. ఇదీ జరిగిందే, అదే వారంలో.

అందుకే ఈ ఉత్తరం. మీ నాన్నకి రాస్తే "అన్నయ్య మళ్ళీ మొదలెట్టాడు" అని పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నువ్వు చివరిదాకా చదువుతావన్న ధైర్యంతో నీకు రాస్తున్నాను.

ముందు నా పని సంగతి కొంచెం చెప్పనీ. మా ప్రెస్సు విజయవాడ గవర్నరుపేటలో ఒక సందులో ఉండేది. ఆఫ్‌సెట్టూ కంప్యూటర్లూ రాకముందు కంపోజిటర్లు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాళ్ళు. కేసు గళ్ళల్లోంచి అక్షరం తీయాలి, దాని గుణింతం చూసుకోవాలి, ఒత్తు చూసుకోవాలి, స్టిక్కులో అమర్చాలి. అన్నీ తిరగేసి ఉండే అక్షరాలే. అలా పేర్చినదానికి సిరా పట్టించి పొడుగాటి కాగితం మీద అచ్చు తీస్తే అది గ్యాలీ ప్రూఫు. ఆరీ ఆరకముందే నా బల్ల మీదికి వచ్చేది. పక్కన ఒక కుర్రాడు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతుంటే నేను అచ్చు మీద పెన్సిలు నడిపిస్తూ పోయేవాణ్ణి. ధ లో ఒక చుక్క పడితే థ అవుతుంది. రాజధాని కాస్తా 'రాజథాని' అవుతుంది. పైకి చదివేవాడి నోట్లో ఆ తేడా తెలీదు, కాగితం మీద కన్ను పెట్టినవాడికే తెలియాలి.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. అక్షరాన్ని చూస్తుంటే అర్థం అందదు. అర్థంలో పడితే అక్షరం ఆనదు. వాక్యం బాగుందని దాని వెంట పోయావో, తప్పుని మెదడే దిద్దేసుకుని నిన్ను ముందుకి లాక్కెళ్ళిపోతుంది. 'రాజథాని' అని కళ్ళముందున్నా రాజధాని అనే చదివేస్తావు. కథలో మునిగిన ప్రూఫ్‌రీడరు ఆ పూటకి పనికిరాడు. అందుకే కొందరు పేజీని అడుగు పంక్తి నుంచి పైకి దిద్దుకుంటూ వచ్చేవాళ్ళు, అర్థం అడ్డుపడకుండా. నేను దిద్దిన నవలల్లో చాలావాటి కథ నాకు తెలీదంటే నమ్ముతావా? అవే నవలలు అచ్చయి ఇంటికొచ్చాక మీ పెద్దమ్మ చదివేది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి "ఆ పిల్ల చచ్చిపోయిందండీ" అనేది. ఏ పిల్ల? నాకు గుర్తున్నదల్లా ఆ పేజీలో 'విధి' ఒత్తు జారిపోయి 'విది' అయిన సంగతి.

ఇద్దరం చదివింది ఒకే పుస్తకం. కానీ ఆవిడ చదివిన పుస్తకం నాకు తెలీదు, నేను చదివింది ఆవిడకి తెలీదు.

శాస్త్రవేత్తలు ఈ సంగతినే ఇంకో దారిలో పట్టుకున్నారు. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ఒక ప్రయోగం వివరాలు ప్రకటించారు. తెల్లచొక్కాలవాళ్ళు కొందరు, నల్లచొక్కాలవాళ్ళు కొందరు బంతులు విసురుకుంటున్న చిన్న వీడియో చూపించి, తెల్లచొక్కాలవాళ్ళు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న ఒకావిడ నింపాదిగా నడిచొచ్చి, ఆటగాళ్ళ నడుమ నిలబడి, ఛాతీ మీద గుద్దుకుని వెళ్ళిపోయింది. చూసినవాళ్ళలో దాదాపు సగంమందికి ఆవిడ కనబడనే లేదు. అదే వీడియో మళ్ళీ వేసి చూపిస్తే, టేపు మార్చేశారని దబాయించినవాళ్ళు కూడా ఉన్నారట. వాళ్ళ కళ్ళకి ఏ జబ్బూ లేదు. లెక్కపెట్టమన్నది లెక్కపెట్టారు, అంతే.

మరి నువ్వు ఏం లెక్కపెడుతున్నావు తల్లీ? ఎవరు ఏమన్నారు, ఏది చెడింది, ఏది ఆలస్యమైంది. లెక్కల్లో నువ్వు చిన్నప్పటి నుంచీ గట్టిదానివే, ఆ లెక్క తప్పదు. నువ్వు ఆ లెక్కలో ఉండగా నీ ముందు నుంచి ఏవేవి నడిచి వెళ్ళిపోయాయన్నదే నా బెంగ. అల్లుడుగారు సెలవుపెట్టి, ప్లంబరు పక్కన కూర్చుని గీజరు బాగుచేయించారని నాకు ఆయన నోటి నుంచే తెలిసింది. నీ ఏకరువులో అది లేదు. గీజరు పాడైన సంగతి మాత్రం అంతకుముందు వారమే చెప్పావు.

నీదీ నాదీ ఒకే వృత్తి, ఎప్పుడైనా ఆలోచించావా? నువ్వు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటావు, నేను ప్రూఫ్‌రీడింగ్ అంటాను. నీవి బగ్గులు, నావి ముద్రారాక్షసాలు. సవ్యంగా ఉన్నవన్నీ వదిలేసి, వంకరగా ఉన్న ఒక్కదాన్ని పట్టుకుంటే మనకి జీతం ఇస్తారు. ఆ కన్ను మన కుటుంబాలకి అన్నం పెట్టింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే సాయంత్రం ఆఫీసు తలుపు వేసి వచ్చేటప్పుడు అది అక్కడే ఉండిపోదు, మనతో పాటు ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటుంది.

మా ప్రెస్సులో నాకంటే సీనియరు ఒకాయన ఉండేవారు. ఆయన చేతిలోంచి కామా కూడా తప్పించుకునేది కాదు. పెళ్ళికి వెళితే శుభలేఖలో తప్పులు, గుడికి వెళితే దాతల శిలాఫలకం మీద తప్పులు, హోటలుకి వెళితే ధరల పట్టికలో తప్పులు. సొంత కూతురి నిశ్చితార్థం చేసుకుని తిరిగి డ్యూటీకి వచ్చిన రోజున మేమంతా చుట్టూ చేరి "ఎలా జరిగిందండీ?" అని అడిగాం. "లగ్నపత్రికలో వియ్యంకుడి ఇంటిపేరుకి దీర్ఘం ఎగ్గొట్టారయ్యా" అన్నారు. మేం నవ్వాం, ఆయన నవ్వలేదు. ఆ పూట కూతురు ఏ రంగు చీర కట్టుకుందో చెప్పగలిగేవారా అని నాకు అనుమానం. మనిషి ఉత్తముడు, ఎవరికీ చెడు తలపెట్టి ఎరగడు. కన్ను అలా తయారైపోయింది.

కన్ను చెడు మీదికి దానంతటదే పోతుంది. అందుకు సిగ్గుపడక్కర్లేదు. పొదలో అలికిడి అయితే పాము కాబోలని ఎగిరి గంతేసినవాడు బతికాడు, పూలు బాగున్నాయని నిలబడ్డవాడు బతకలేదు. మనం ఆ మొదటివాడి సంతతి. రాయ్ బౌమీస్టర్ అనే సైకాలజిస్టు సహచరులతో కలిసి ఎన్నో పరిశోధనలు తిరగేసి, మంచికన్నా చెడుకే మనసు మీద పట్టు ఎక్కువని 2001లో తేల్చాడు. ఇది తెలుసుకోవడానికి పరిశోధనలెందుకు అంటుంది మీ పెద్దమ్మ. కాపురానికొచ్చిన కొత్తల్లో మా అమ్మ అన్న ఒక మాట ఆవిడకి ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. ఆ తర్వాత మా అమ్మ పోయేదాకా ఊరంతా తిరిగి ఆవిడని పొగుడుతూనే ఉంది. ఆ పొగడ్తల్లో ఒక్కటి చెప్పవే అంటే మాత్రం ఆలోచనలో పడుతుంది.

ఇప్పుడు ఆ బలహీనత మీద ఏకంగా వ్యాపారమే నడుస్తోంది. హెర్బర్ట్ సైమన్ అని అమెరికాలో ఒక పండితుడు ఉండేవాడు, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సమాచారం పెరిగేకొద్దీ అది తినేది మనుషుల ధ్యాసనే కాబట్టి ధ్యాసకి కరువు వస్తుందని ఆయన 1971లోనే హెచ్చరించాడు. అప్పటికి చేతిలో ఇమిడే ఫోన్లు లేవు. ఇవాళ నీ ఫోన్లో ఉన్న ఉచిత యాపుల్లో చాలావాటి సరుకు నీ ధ్యాసే. నీ ఖాతాలోంచి వంద రూపాయలు పోతే మెసేజి వస్తుంది. అరగంట ధ్యాస పోతే ఏ మెసేజీ రాదు. ఆ యాక్సిడెంటు వీడియోనే చూడు. ఎక్కడో, ఎప్పుడో, ఎవరికో జరిగింది. నువ్వు వెళ్ళి చేయగలిగింది లేదు, అసలు ఆ ఊరేదో కూడా నీకు తెలీదు. అయినా ఆ రాత్రి నువ్వు అన్నం సగంలో వదిలేశావు.

"అయితే ధ్యాస చెదరకుండా ఎలా ఉండాలి?" అని అడుగుతావని తెలుసు. చెదరకుండా ఎవరూ ఉండరు. నువ్వు చిన్నప్పుడు నా ఒళ్ళో నిద్రపోయిన అష్టావధానం ఒకటుంది, మెలకువగా ఉంటే నేను ఇప్పుడింత రాయక్కర్లేకపోయేది. వేదిక మీద అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయన నిషిద్ధాక్షరి: అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత రాబోయేది ఊహించి అది వాడటానికి వీల్లేదంటాడు. ఒకాయన అడ్డదిడ్డమైన సమస్య ఇచ్చి పూరించమంటాడు. ఇంకొకాయన పొంతన లేని నాలుగు మాటలు చేతిలో పెట్టి పద్యంలో ఇమడ్చమంటాడు. ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు ఆశువు. ఎవరో ఉండుండి గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. సభని బట్టి అంశాలు ఒకటీ రెండూ మారతాయి. కానీ ఎక్కడైనా జనం చెవులు రిక్కించేది ఒకాయన కోసం: అప్రస్తుత ప్రసంగి. ఆయనకి అప్పజెప్పిన పనే చెడగొట్టడం. అవధాని గణాలు సరిచూసుకుంటూ పద్యపాదం అల్లుతున్న క్షణం చూసి, "అవధాని గారూ, ఇవాళ ఇంట్లో ఏం కూర?" అంటాడు.

అవధాని చెవులు మూసుకోడు. విసుక్కోడు కూడా, విసుక్కుంటే అక్కడే ఓడిపోయినట్టు. ఒక చమత్కారం విసురుతాడు, సభ గొల్లుమంటుంది, ఆ నవ్వులు ఆగేలోపు ఆయన తను ఆపిన అక్షరం దగ్గరికి తిరిగొచ్చేసి ఉంటాడు. తిరుపతి వేంకట కవులు జంటగా సంస్థానాల్లోనూ ఊళ్ళల్లోనూ అవధానాలు చేసి ఈ విద్యకి జనంలో మోజు తెచ్చి నూరేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఈ చెడగొట్టే కుర్చీని ఎవరూ తీసేయలేదు. ఆ కుర్చీ లేకపోతే అవధానం చప్పగా ఉంటుందని మనవాళ్ళకి తెలుసు. నాకు అన్నిటికన్నా నచ్చేది చివర్లో వచ్చే ధారణ. నాలుగు ఆవృత్తాల్లో ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని వరసగా అప్పజెబుతాడు. కూర సంగతి మాత్రం ఎవరూ అప్పజెప్పమనరు. నువ్వు మొన్న ఫోన్లో చేసిన ధారణ ఇందుకు సరిగ్గా తలకిందులు: పద్యాలన్నీ జారిపోయాయి, అప్రస్తుత ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

(అర్జునుడికి పక్షి కన్ను తప్ప మరేదీ కనబడలేదన్న కథ నీకు చెప్పబోవడం లేదు. కోచింగ్ సెంటర్ల గోడల మీద అది ఎప్పుడో అరిగిపోయింది. బాణం వదిలేంతసేపు ఆ చూపు సరే. ఇంట్లో కూడా పొద్దస్తమానం పక్షి కన్నే చూస్తే పక్కనున్న ధర్మరాజు కూడా కనబడడు.)

మన అవధానాలు ఎన్నడూ చూసి ఉండని ఒక హార్వర్డ్ ప్రొఫెసరు కూడా, చెదిరిన ధ్యాసని వెనక్కి తెచ్చుకోవడం గురించి ఇదే మాట అన్నాడు. ఆయన పేరు విలియం జేమ్స్. యువకుడిగా ఉన్నప్పుడు తీవ్రమైన నిస్పృహలో కూరుకుపోయాడు. తనకి కావలసిన ఆలోచనని తనే ఎంచుకుని నిలుపుకోగలనని నమ్మి చూద్దామని 1870లో డైరీలో రాసుకున్నాడు. అది నిజమో కాదో అప్పటికి ఆయనకి తెలీదు, నమ్మి చూశాడంతే. ఆ తర్వాత పన్నెండేళ్ళు కూర్చుని మనస్తత్వ శాస్త్రం మీద రెండు సంపుటాల గ్రంథం రాశాడు, 1890లో వచ్చింది. అందులో ధ్యాస మీదే ఒక అధ్యాయం ఉంది. కళ్ళముందుకి లక్ష వస్తాయి, వాటిలో దేన్ని పట్టించుకోవడానికి ఒప్పుకుంటామో అదే మన అనుభవమవుతుందని అందులో ఆయన వాదన. పక్కకి పోయిన ధ్యాసని పదేపదే వెనక్కి తెచ్చుకోగలగడం నేర్పితే అదే అసలైన చదువని కూడా అన్నాడు. ఎలా నేర్పాలో చెప్పడం మాత్రం అంత తేలిక కాదని ఒప్పేసుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

2010లో హార్వర్డ్‌లోనే మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు ఐఫోన్ యాప్ పెట్టి 2,250 మందిని వేళకాని వేళల్లో పలకరించి అడిగారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, మీకెలా ఉంది? దాదాపు 47 శాతం సార్లు మనసు చేతిలో ఉన్న పని మీద లేదు. చేస్తున్న పని ఏదన్నదానికన్నా మనసు ఎక్కడుందన్నదానితోనే వాళ్ళ సంతోషం ఎక్కువ ముడిపడి ఉంది. మనసు కమ్మటి ఊహల్లోకి పోయినా సరే, పని మీద ఉన్నప్పటికన్నా ఏమంత ఎక్కువ సంతోషం లేదట. బట్టలు మడతపెడుతూ బట్టల దగ్గరే ఉన్నవాళ్ళు నయం అన్నమాట. ఇది మాత్రం మీ పెద్దమ్మ నమ్మలేదు. "బట్టలు మడతపెట్టినవాడు చెప్పాడా?" అని అడిగింది.

ఇంతవరకూ చదివి, "అయితే మేనేజరు అన్నది మర్చిపోమంటావా పెదనాన్నా?" అంటావు. అనాలి కూడా. మంచినే తలుచుకో, అన్నీ మంచే జరుగుతాయి అనే బాపతు పుస్తకాలకి నేను బోలెడు ప్రూఫులు దిద్దాను, ఒక్కటీ నమ్మలేదు. తప్పు కళ్ళబడ్డాక లేదనుకోవడం ప్రూఫ్‌రీడరు చేయరాని పని. తప్పు కింద ఒక గీత, మార్జిన్‌లో ఒక గుర్తు. ఆ గుర్తు దిద్దవలసిన కంపోజిటరు కోసం. ఏం తీసి ఏం పెట్టాలో అతనికి తెలిసేలా ఉండాలి. గుర్తు పెట్టాక మన కన్ను పక్క అక్షరం మీదికి పోవాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి అందరికీ ఒకటే జబ్బు. పెద్ద తప్పు ఒకటి దొరికిందంటే ఆ సంబరంలోనో చిరాకులోనో దాని మీదే కన్ను ఉండిపోతుంది. వెంటనే ఉన్న రెండో తప్పు జారిపోతుంది. దొరికిన తప్పు పక్కనే దొరకని తప్పు ఉంటుందని మా పనిలో ఎవర్ని అడిగినా చెబుతారు.

మేనేజరుకి గుర్తు పెట్టు. విడిగా మాట్లాడాలనుకుంటే ఏ రోజు మాట్లాడతావో అనుకుని మాట్లాడు. హెచ్ఆర్‌కి రాయాలంటే రాయి. ఉద్యోగం మారాలంటే రెజ్యూమె తిరగరాయి, కావాలంటే నాకు పంపు, అచ్చుతప్పులు చూసి పెడతాను. ఇవి గుర్తులు. రాత్రి పదకొండింటికి దిండు మీద తల పెట్టి ఆయన మాటని ఆయన గొంతుతోనే తిప్పి తిప్పి వినడం గుర్తు కాదు. ఆయన అన్నది ఒక్కసారే తల్లీ. మిగతావన్నీ నువ్వే అన్నావు. మీ అత్తగారి ఉప్పుకయితే గుర్తు కూడా అక్కర్లేదు. ఉప్పు తగ్గించు, లేదా తగ్గించకు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బుడ్డోడు వచ్చి మీద పడినా లోపల ఏమీ కదలకపోవడం, ఇలాంటివి వారాల తరబడి ఉంటే అది చూపుకి సంబంధించింది కాదు, డాక్టరుకి చూపించుకోవలసింది. అప్పుడు ఈ ఉత్తరం పక్కన పారేసి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు. అల్లుడుగారికి చెప్పు, నాకు చెప్పు. చూపు తిప్పుకునే శక్తినే ఆ జబ్బు లాగేసుకుంటుంది. అటువంటివాళ్ళకి "మంచివైపు చూడు" అని చెప్పడం నా దృష్టిలో పాపం. నీ గొంతులో నాకు అదేమీ వినబడలేదు. చిరాకు వినబడింది, అలసట వినబడింది. అయినా చెప్పాను.

బుడ్డోడి గురించి ఇంకో మాట. వాడు ఏదైనా కొత్తది చేసినప్పుడు ముందు నీ మొహంలోకి చూస్తాడు, అమ్మ చూసిందా అని. ఏది చేస్తే అమ్మ తల తిప్పుతుందో పిల్లలు అదే మళ్ళీ చేస్తారు. గ్లాసు కింద పడేసినప్పుడు మాత్రమే అమ్మ ఫోను మీంచి తలెత్తితే, గ్లాసులు పడుతూనే ఉంటాయి. బుద్ధిగా రంగులు వేసుకుంటున్న అరగంట ఎవరి కంటా పడకపోతే ఆ అరగంట రానురాను పావుగంట అవుతుంది. మేనేజరు విషయంలో నువ్వు చేయగలిగింది కొంచెమే. నీ కొడుకు రేపు తనలో దేన్ని పెంచుకుంటాడన్నది మాత్రం చాలావరకు నువ్వు ఎప్పుడు తల తిప్పుతావన్నదాన్ని బట్టే ఉంటుంది. నాకు బాగా అచ్చొచ్చిన మాట ఇది, మీ అన్నయ్యని పెంచి చెబుతున్నాను.

అపార్టుమెంటు గ్రూపుని మ్యూట్‌లో పెట్టు. నీళ్ళ ట్యాంకరు వస్తే ఎలాగూ వాచ్‌మన్ అరుస్తాడు. అన్నాల వేళ ఫోను ఫ్రిజ్ మీద పెట్టు, చేయి చాస్తే అందకూడదు. రాత్రి వాణ్ణి పడుకోబెట్టేటప్పుడు "ఇవాళ ఏం జరిగింది?" అని అడక్కు, "ఏం లేదు" అంటాడు, మీ నాన్నా అంతే. "ఇవాళ ఏం చూశావు?" అని అడుగు. గోడ మీద తొండ అంటాడు, ఆయమ్మ గాజులు అంటాడు, ఎవడి టిఫిన్ బాక్సులో ఏముందో చెబుతాడు. అయ్యాక "నువ్వేం చూశావమ్మా?" అని ఎదురు అడుగుతాడు. అప్పటికి నీ దగ్గర ఒకటి ఉండాలి. దాన్ని పగలే సంపాదించి పెట్టుకోవాలి, రాత్రి వెతికితే దొరకదు.

నేనెలా సంపాదించేవాణ్ణో చెబుతాను. ప్రెస్సు నుంచి ఇంటికి ఏలూరు రోడ్డు మీదుగా నడిచి వచ్చేవాణ్ణి. ఆ దారినిండా దుకాణాల బోర్డులే. బోర్డు చదివితే తప్పు కనబడుతుంది, తప్పు కనబడితే నా డ్యూటీ అయిపోనట్టే. అందుకని బోర్డులకి కిందే చూపు పెట్టుకుని మనుషుల్ని చూస్తూ నడవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో కష్టంగానే ఉండేది, కన్ను దానంతటదే పైకి పోయేది, మళ్ళీ దించుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి చిత్రాలు కనబడటం మొదలెట్టాయి. పుస్తకాల షాపు కుర్రాడు కట్ట విప్పి కొత్త పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూడటం. అట్ల బండి ఆవిడ పెనం కాగిందో లేదో నాలుగు చుక్కలు చిలకరించి చెవితో వినడం, చూడటం కాదు, వినడం. బేరం కుదరక వెళ్ళిపోయిన పెద్దాయన్ని రిక్షా అతను సందు మలుపులో కలుసుకుని, అదే డబ్బుకి ఎక్కించుకుని, ఇద్దరూ ఏమీ ఎరగనట్టు కబుర్లు చెప్పుకుంటూ పోవడం.

ఇంటికెళ్ళగానే వీటిలో ఒకటి మీ పెద్దమ్మకి చెప్పేవాణ్ణి. మల్లెపూల కన్నా చవగ్గా గడిపేస్తున్నారని ఎగతాళి చేసేది, కానీ వినేది. వినడమే కాదు, దానికి అలవాటు పడిపోయింది. ఒకసారి ప్రెస్సులో ఏదో గొడవ పడి, దారి పొడుగునా దాన్నే నెమరేసుకుంటూ ఇల్లు చేరాను. "ఇవాళేంటి?" అంది. ఏం లేదన్నాను. కాఫీ గ్లాసు నా చేతికివ్వకుండా వెనక్కి తీసుకుని, "సందు చివరిదాకా వెళ్ళి రండి" అంది.

వెళ్ళొచ్చాను.

ఆశీస్సులతో,
పెదనాన్న